ఫైల్ లిస్ట్ బాక్స్ (విజువల్ బేసిక్)

ఫైల్ లిస్ట్ బాక్స్ అనేది మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన విజువల్ బేసిక్ ప్రోగ్రామింగ్ భాషలోని ఒక కంట్రోలు. ఒక ఫోల్డరులో ఉన్న ఫైళ్ళ పేర్లను తెరపై జాబితాగా చూపడం, వాటిలో కావలసినదానిని ఎంచుకొనే వీలు కల్పించడం దీని పని. డ్రైవ్ లిస్ట్ బాక్స్, డైరెక్టరీ లిస్ట్ బాక్స్ అనే మరి రెండు కంట్రోళ్ళతో కలిపి దీనిని వాడతారు. బొమ్మలను ఒకదాని తరువాత ఒకటిగా చూపే ప్రోగ్రాము, పాటల జాబితా, పాఠ్య ఫైళ్ళను తెరిచే చిన్న ఎడిటరు మొదలైనవి ఈ కంట్రోలు సహాయంతో విద్యార్థులు తొలిరోజులలో వ్రాసే ప్రోగ్రాములు. ఒకేసారి అనేక రకాల ఫైళ్ళను జాబితాలో చూపగలగడం దీని ముఖ్య సౌకర్యం. అయితే ఈ జాబితా ఫైళ్ళ పేర్లను మాత్రమే చూపుతుంది, ఫైలు లోపల ఏమున్నదో చూడదు. ఈ తేడాను గమనించకపోతే ప్రోగ్రాము ఆగిపోవచ్చు, కొన్ని సందర్భాలలో ఫైళ్ళు శాశ్వతంగా పోవచ్చు.

ఈ వ్యాసంలో విజువల్ బేసిక్ ఆజ్ఞలు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. ప్రోగ్రాములో వీటిని ఆంగ్ల అక్షరాలతోనే వ్రాయవలెను.

చరిత్ర

ఫైలు పేరును రెండు భాగాలుగా విడగొట్టి, చుక్క తరువాతి భాగంతో ఫైలు రకాన్ని సూచించే పద్ధతి విండోస్ కంటే పాతది. 1970 దశకంలో వచ్చిన సీపీ/ఎం నిర్వాహక వ్యవస్థలో ఫైలు పేరుకు 8 అక్షరాలు, రకాన్ని తెలిపే ఎక్స్‌టెన్షన్‌కు 3 అక్షరాలు ఉండేవి. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ కూడా ఇదే పద్ధతిని అనుసరించింది. పేరులో ఎన్ని అక్షరాలకైనా బదులుగా నక్షత్రపు గుర్తు (*), ఒక అక్షరానికి బదులుగా ప్రశ్నార్థకం (?) వాడే అలవాటు కూడా ఈ వ్యవస్థల నుండే విండోస్‌కు వచ్చింది. ఈ గుర్తులను వైల్డ్ కార్డులు అంటారు. 1995లో విడుదలైన విండోస్ 95తో పొడవైన పేర్లు పెట్టుకొనే వీలు సాధారణ వాడుకరులకు కలిగింది.

విజువల్ బేసిక్ మొదటి సంచిక 1991లో విడుదలైంది. డ్రైవ్, డైరెక్టరీ, ఫైల్ లిస్ట్ బాక్సులు మూడూ మొదటి సంచిక నుండే ఉన్నాయి. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6.0 ఈ వరుసలో చివరిది. 2002లో విజువల్ బేసిక్ డాట్ నెట్ వచ్చినప్పుడు ఈ మూడు కంట్రోళ్ళను టూల్ బాక్సు నుండి తొలగించారు. విజువల్ బేసిక్ 6.0 అభివృద్ధి సాధనానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్‌లో ముగిసింది.

మూడు కంట్రోళ్ళ అమరిక

ఫారముపై ఈ మూడు కంట్రోళ్ళను ఉంచగానే వాటికి డ్రైవ్1, డిర్1, ఫైల్1 అనే పేర్లు వాటంతట అవే వస్తాయి. కాని ఇవి ఒకదానితో ఒకటి వాటంతట అవే ముడిపడవు. వాడుకరి డ్రైవు మార్చినంత మాత్రాన ఫోల్డర్ల జాబితా మారదు, ఫోల్డరు మార్చినంత మాత్రాన ఫైళ్ళ జాబితా మారదు. వీటిని కలపడానికి రెండే రెండు వాక్యాలు చాలును.

- డ్రైవ్1 యొక్క చేంజ్ ఈవెంటులో: డిర్1.పాత్ = డ్రైవ్1.డ్రైవ్
- డిర్1 యొక్క చేంజ్ ఈవెంటులో: ఫైల్1.పాత్ = డిర్1.పాత్

మొదటి వాక్యం వలన ఫోల్డర్ల జాబితా మారుతుంది. ఆ మార్పు డిర్1 యొక్క చేంజ్ ఈవెంటును కలిగిస్తుంది కనుక రెండవ వాక్యం కూడా అమలై ఫైళ్ళ జాబితా మారుతుంది. డైరెక్టరీ లిస్ట్ బాక్సులో ఒక ఫోల్డరుపై ఒకసారి నొక్కితే అది ఎంపిక అవుతుందే కాని తెరుచుకోదు. రెండుసార్లు నొక్కినప్పుడే పాత్ మారి చేంజ్ ఈవెంటు జరుగుతుంది.

డిస్కు లేని సీడీ లేదా ఫ్లాపీ డ్రైవును ఎంచుకొంటే మొదటి వాక్యం వద్ద 68వ నంబరు దోషం, అనగా పరికరం అందుబాటులో లేదనే దోషం వస్తుంది. దానిని పట్టుకొనే ఏర్పాటు లేకపోతే ప్రోగ్రాము అక్కడితో ముగుస్తుంది. అందువలన ఆ ఈవెంటులో ఆన్ ఎర్రర్ వాక్యం వ్రాసి, దోషం వచ్చినప్పుడు డ్రైవ్1.డ్రైవ్ = డిర్1.పాత్ అని వ్రాస్తారు. దీనివలన డ్రైవు పెట్టె తిరిగి పాత డ్రైవుకు వస్తుంది.

ముఖ్యమైన ప్రాపర్టీలు

- పాత్: జాబితా చూపబడుతున్న ఫోల్డరు చిరునామా.
- ప్యాటర్న్: ఏయే పేర్లు గల ఫైళ్ళను చూపాలో తెలిపే నమూనా. మొదట ఇది *.* గా ఉంటుంది, అనగా అన్ని ఫైళ్ళూ.
- ఫైల్ నేమ్: ఎంపికైన ఫైలు పేరు. ఇందులో ఫోల్డరు చిరునామా ఉండదు.
- లిస్ట్ కౌంట్: జాబితాలోని ఫైళ్ళ సంఖ్య.
- లిస్ట్ ఇండెక్స్: ఎంపికైన ఫైలు వరుస సంఖ్య. లెక్క సున్నాతో మొదలవుతుంది. ఏదీ ఎంపిక కానప్పుడు దీని విలువ -1.
- లిస్ట్: వరుస సంఖ్య ఇస్తే ఆ స్థానంలోని ఫైలు పేరు చెబుతుంది.
- మల్టీ సెలెక్ట్: ఒకటి కంటే ఎక్కువ ఫైళ్ళను ఎంచుకొనే వీలు కల్పిస్తుంది.
- హిడెన్, సిస్టమ్, రీడ్ ఓన్లీ, ఆర్కైవ్, నార్మల్: ఏ లక్షణాలు గల ఫైళ్ళను చూపాలో నిర్ణయిస్తాయి. మొదట హిడెన్, సిస్టమ్ రెండూ ఫాల్స్‌గా ఉంటాయి కనుక దాచిన ఫైళ్ళు జాబితాలో కనబడవు.

అనేక రకాల ఫైళ్ళను చూపుట

ప్యాటర్న్ ప్రాపర్టీలో ఒకటి కంటే ఎక్కువ నమూనాలను సెమికోలన్ (;) తో వేరుచేసి ఇవ్వవచ్చును. ఉదాహరణకు బొమ్మల ఫైళ్ళను మాత్రమే చూపాలంటే ఇలా వ్రాస్తారు:

ఫైల్1.ప్యాటర్న్ = "*.బీఎంపీ;*.జీఐఎఫ్;*.జేపీజీ;*.జేపీఈజీ"

నమూనాల మధ్య కామా ఉంచరాదు. జేపీజీ, జేపీఈజీ రెండూ ఒకే రకమైన బొమ్మకు వాడే రెండు ఎక్స్‌టెన్షన్లు. కనుక రెండింటినీ వ్రాయడం మంచిది.

రకాన్ని వాడుకరి చేతనే ఎంపిక చేయించాలంటే ఒక కాంబో బాక్సును చేర్చి, అందులో "బొమ్మలు", "పాఠ్యం", "అన్ని ఫైళ్ళు" వంటి వరుసలు ఉంచి, ఎంపికను బట్టి ప్యాటర్న్ మారుస్తారు. ప్యాటర్న్ మారగానే జాబితా కొత్తగా తయారై, ప్యాటర్న్ చేంజ్ అనే ఈవెంటు జరుగుతుంది. అంతకుముందు ఎంచుకొన్న ఫైలు ఎంపిక పోయి లిస్ట్ ఇండెక్స్ -1 అవుతుంది. కాని తెరపై అంతకుముందు చూపిన బొమ్మ అలాగే మిగిలి ఉంటుంది. జాబితాలో లేని ఫైలు బొమ్మ తెరపై ఉండడం వాడుకరిని తికమక పెడుతుంది కనుక ఈ ఈవెంటులో పాత బొమ్మను తీసివేయాలి.

కామన్ డైలాగ్ అనే మరొక కంట్రోలులోని ఫిల్టర్ ప్రాపర్టీకి కూడా ఇటువంటి పనే ఉన్నది. అందులో వివరణను, నమూనాను నిలువు గీత (|) తో వేరుచేస్తారు. గీతకు అటూ ఇటూ ఖాళీ వదిలితే ఆ ఖాళీ కూడా నమూనాలో భాగమైపోతుంది.

జాబితాలో ముందుకు, వెనుకకు కదలుట

"తరువాతిది", "ముందటిది" అనే రెండు బొత్తాలతో జాబితాలో కదిలే ఏర్పాటు లిస్ట్ ఇండెక్స్ విలువను ఒకటి పెంచడం లేదా తగ్గించడం ద్వారా జరుగుతుంది. లిస్ట్ ఇండెక్స్ మారగానే ఫైల్1 యొక్క క్లిక్ ఈవెంటు జరుగుతుంది కనుక బొమ్మను తెరిచే పనిని ఆ ఒక్క ఈవెంటులో వ్రాస్తే చాలును, బొత్తాలలో మళ్ళీ వ్రాయనవసరం లేదు.

ఇక్కడ మూడు అంచులను గమనించాలి.

- చివరి ఫైలు వద్ద: లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక చివరి ఫైలు సంఖ్య లిస్ట్ కౌంట్ కాదు, లిస్ట్ కౌంట్ - 1. అక్కడి నుండి ఇంకా పెంచితే 380వ నంబరు దోషం, అనగా చెల్లని విలువ ఇచ్చారనే దోషం వస్తుంది.
- మొదటి ఫైలు వద్ద: సున్నా నుండి ఒకటి తగ్గిస్తే -1 అవుతుంది. దీనికి దోషం రాదు, కాని ఎంపిక పోతుంది.
- ఖాళీ జాబితాలో: ఫైళ్ళు లేని ఫోల్డరులో లిస్ట్ ఇండెక్స్‌ను సున్నాగా మార్చినా దోషమే. కనుక బొత్తం నొక్కగానే మొదట లిస్ట్ కౌంట్ సున్నా అవునో కాదో చూడాలి.

చివరి ఫైలు తరువాత తిరిగి మొదటికి రావాలంటే మాడ్ అనే శేషం లెక్కను వాడతారు: (లిస్ట్ ఇండెక్స్ + 1) మాడ్ లిస్ట్ కౌంట్. ఉదాహరణకు 5 ఫైళ్ళున్న జాబితాలో చివరిదాని సంఖ్య 4. 4 + 1 = 5, దానిని 5తో భాగిస్తే శేషం 0, అనగా మొదటి ఫైలు. వెనుకకు వెళ్ళడానికి (లిస్ట్ ఇండెక్స్ - 1 + లిస్ట్ కౌంట్) మాడ్ లిస్ట్ కౌంట్ అని వ్రాస్తారు.

పూర్తి చిరునామా తయారీ

ఫైల్ నేమ్ ప్రాపర్టీలో పేరు మాత్రమే ఉంటుంది. ఫైలును తెరవడానికి పాత్, పేరు రెండింటినీ మధ్యలో బ్యాక్‌స్లాష్ (\) తో కలపాలి. మామూలు ఫోల్డరు పాత్ చివర బ్యాక్‌స్లాష్ ఉండదు, కాని డ్రైవు మొదటి ఫోల్డరు (ఉదాహరణకు సీ:\) పాత్ చివర ఉంటుంది. కనుక పాత్ చివరి అక్షరాన్ని రైట్ ఫంక్షన్‌తో చూసి, అది బ్యాక్‌స్లాష్ కానప్పుడు మాత్రమే చేర్చాలి. ఫోల్డరును మార్చకుండా ప్రోగ్రామును పరీక్షించినవారికి ఈ లోపం కనబడదు. ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులోనే బొమ్మలు కూడా ఉంటే పేరు ఒక్కటే ఇచ్చినా ఫైలు తెరుచుకొనే అవకాశం ఉన్నది. వేరే ఫోల్డరుకు వెళ్ళగానే ఫైలు దొరకలేదనే 53వ నంబరు దోషం వస్తుంది.

ఎక్స్‌టెన్షన్‌కు, ఫైలు రకానికి గల తేడా

జాబితాలో ఒక ఫైలు జేపీజీ అని కనబడినంత మాత్రాన అది బొమ్మ కానవసరం లేదు. ఎక్స్‌టెన్షన్ పేరులో ఒక భాగం మాత్రమే, ఎవరైనా దానిని మార్చవచ్చును. పాఠ్య ఫైలుకు జేపీజీ అని పేరు మార్చితే అది బొమ్మల జాబితాలో చేరుతుంది. దానిని లోడ్ పిక్చర్ ఫంక్షన్‌తో తెరిస్తే చెల్లని బొమ్మ అనే 481వ నంబరు దోషం వస్తుంది. విజువల్ బేసిక్ 6.0 లోని లోడ్ పిక్చర్ బీఎంపీ, జీఐఎఫ్, జేపీజీ, ఐకాన్, మెటాఫైల్ రకాలను తెరుస్తుంది గాని పీఎన్‌జీ రకాన్ని తెరవదు. కనుక ప్యాటర్న్‌లో పీఎన్‌జీని చేర్చితే ఫైళ్ళు కనబడతాయి కాని తెరుచుకోవు.

నిజమైన రకాన్ని తెలుసుకొనడానికి ఫైలు మొదటి కొన్ని బైట్లను చదువుతారు. బీఎంపీ ఫైలులో మొదటి రెండు బైట్ల విలువలు 66, 77. జేపీజీ ఫైలులో 255, 216. జీఐఎఫ్ ఫైలులో మొదటి మూడు బైట్లు 71, 73, 70.

విండోస్‌లో తనకు తెలిసిన రకాల ఎక్స్‌టెన్షన్లను దాచి చూపే ఏర్పాటు మొదటి నుండి అమలులో ఉంటుంది. 2000 సంవత్సరం మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన ఐలవ్‌యూ వర్మ్ ఈ ఏర్పాటును వాడుకొన్నది. ఈమెయిలుకు జతపరచిన దాని పేరులో ముందు పాఠ్య ఫైలు ఎక్స్‌టెన్షన్, చివర విజువల్ బేసిక్ స్క్రిప్ట్ ఎక్స్‌టెన్షన్ ఉండేవి. చివరిది దాగి ఉండటం వలన చాలామంది దానిని ఉత్తరమనుకొని తెరిచారు. తెరిచిన తరువాత అది చేసిన పని కూడా అనేక రకాల ఫైళ్ళను వెదకడమే. డ్రైవులలోని ఫోల్డర్లన్నీ తిరిగి, జేపీజీ మొదలైన ఎక్స్‌టెన్షన్లు గల ఫైళ్ళ స్థానంలో తన ప్రతిని వ్రాసింది. ఎంపీ3 ఫైళ్ళను మాత్రం దాచివేసింది.

నమూనాలతో ఫైళ్ళను తొలగించుట

విజువల్ బేసిక్‌లో ఫైలును తొలగించే ఆజ్ఞ పేరు కిల్. ఇది కూడా వైల్డ్ కార్డులను అంగీకరిస్తుంది. కిల్‌తో తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు, నేరుగా పోతుంది.

పొడవైన పేరు గల ఫైళ్ళకు పాత 8.3 పద్ధతిలో ఒక పొట్టి పేరును కూడా ఇచ్చే ఏర్పాటు విండోస్‌లో ఉన్నది. హెచ్‌టీఎంఎల్ ఎక్స్‌టెన్షన్ గల ఫైలు పొట్టి పేరులో హెచ్‌టీఎం అని మూడక్షరాలే ఉంటాయి. విండోస్ నమూనాను రెండు పేర్లతోనూ పోల్చుతుంది కనుక, ఈ ఏర్పాటు అమలులో ఉన్న డ్రైవులో *.హెచ్‌టీఎం అని వెదికితే హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళు కూడా దొరుకుతాయి. ఎక్సెల్ పాత ఫైళ్ళ (ఎక్స్‌ఎల్‌ఎస్) కొరకు వెదికితే కొత్త ఫైళ్ళు (ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్) కూడా వస్తాయి. చూడటానికైతే ఇది చిన్న ఇబ్బంది. తొలగించడానికైతే పెద్ద నష్టం. కావున నమూనాను నేరుగా తొలగించే ఆజ్ఞకు ఇవ్వకుండా, ముందు జాబితా తయారుచేసి, ప్రతి పేరులోనూ చివరి చుక్క తరువాతి భాగాన్ని విడదీసి, చిన్న అక్షరాలలోకి మార్చి, కావలసిన ఎక్స్‌టెన్షన్‌తో సరిపోల్చిన తరువాతనే ఒక్కొక్క ఫైలునూ తొలగించాలి. చివరి చుక్కను కనుగొనడానికి విజువల్ బేసిక్ 6.0లో ఇన్‌స్ట్ర్‌రెవ్ అనే ఫంక్షన్ కలదు.

తెలుగు పేర్లు గల ఫైళ్ళు

విజువల్ బేసిక్ 6.0 అక్షరాలను లోపల యూనికోడ్‌లోనే దాచుకొన్నా, ఫైల్ లిస్ట్ బాక్స్ వంటి కంట్రోళ్ళు, ఫైళ్ళకు సంబంధించిన ఆజ్ఞలు వాటిని కంప్యూటరు యొక్క కోడ్ పేజీలోకి మార్చి పనిచేస్తాయి. విండోస్‌లో తెలుగుకు యూనికోడ్ తప్ప ఇటువంటి కోడ్ పేజీ లేదు. అందువలన ఫైలు పేరులోని ప్రతి తెలుగు సంకేతమూ ప్రశ్నార్థకంగా మారిపోతుంది. "అమ్మ" అనే పేరులో అ, మ, హలంతం, మ అని నాలుగు సంకేతాలున్నాయి. "అన్న"లో కూడా నాలుగే. కనుక జాబితాలో రెండు ఫైళ్ళూ ???? అనే ఒకే పేరుతో కనబడతాయి. ఆ పేరుతో తెరవబోతే ఫైలు తెరుచుకోదు, ఎందుకంటే విండోస్‌లో ఏ ఫైలు పేరులోనూ ప్రశ్నార్థకం ఉండటానికి వీలులేదు.

తొలగించడంలో ఇది మరింత ప్రమాదకరం. కిల్ ఆజ్ఞ దృష్టిలో ప్రశ్నార్థకం ఒక వైల్డ్ కార్డు. వాడుకరి "అమ్మ" అనే పాఠ్య ఫైలును ఎంచుకొని తొలగించమంటే, ప్రోగ్రాము నాలుగు ప్రశ్నార్థకాల పేరును కిల్‌కు ఇస్తుంది. అప్పుడు అదే ఎక్స్‌టెన్షన్‌తో నాలుగక్షరాల ఆంగ్ల పేరున్న వేరే ఫైళ్ళు కూడా ఆ నమూనాకు సరిపోతాయి. ఎంపికైన పేరులో ప్రశ్నార్థకం ఉన్నదేమో ఇన్‌స్ట్ర్ ఫంక్షన్‌తో చూసి, ఉంటే ఆ పని ఆపివేయడం కనీస జాగ్రత్త.

డిర్ ఫంక్షన్, ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్

తెరపై జాబితా అక్కరలేనప్పుడు డిర్ అనే ఫంక్షన్‌ను వాడతారు. మొదటిసారి నమూనాతో పిలిస్తే మొదటి ఫైలు పేరు, తరువాత ఏమీ ఇవ్వకుండా పిలిచిన ప్రతిసారీ తరువాతి పేరు ఇస్తుంది. ఫైళ్ళు అయిపోయినప్పుడు ఖాళీ వాక్యం ఇస్తుంది. ఇది ప్యాటర్న్ వలె సెమికోలన్‌తో అనేక నమూనాలను అంగీకరించదు. ఒక వెదుకులాట మధ్యలో మరొకటి మొదలుపెడితే మొదటిది పోతుంది. కనుక ఉపఫోల్డర్లలో కూడా వెదకాలంటే ముందు ఉపఫోల్డర్ల పేర్లన్నీ ఒక ఎర్రేలో దాచుకొని, ఆ తరువాత ఒక్కొక్కదానిలోకి వెళ్ళాలి.

ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్ అనేది స్క్రిప్టింగ్ గ్రంథాలయంలోని వస్తువు. ఇది యూనికోడ్ పేర్లను మార్చకుండా అందిస్తుంది కనుక తెలుగు పేర్లు గల ఫైళ్ళను తెరవడానికి, తొలగించడానికి ఇది తగినది. ఉపఫోల్డర్లలోకి వెళ్ళడం కూడా దీనితో సులభం. అయితే ఆ పేర్లను మామూలు లిస్ట్ బాక్సులో చూపితే అక్కడ మళ్ళీ ప్రశ్నార్థకాలే కనబడతాయి.

తరువాతి భాషలలో

విజువల్ బేసిక్ డాట్ నెట్‌లో ఫైళ్ళ జాబితా కొరకు డైరెక్టరీ తరగతిలోని గెట్ ఫైల్స్ పద్ధతిని వాడతారు. ఇది ఒకసారికి ఒకే నమూనాను తీసుకొంటుంది. అనేక రకాల ఫైళ్ళు కావాలంటే రకానికొకసారి పిలిచి ఫలితాలను కలపాలి, లేదా అన్ని ఫైళ్ళనూ తెచ్చి ఎక్స్‌టెన్షన్‌ను పోల్చుకోవాలి. డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో మూడక్షరాల ఎక్స్‌టెన్షన్ ఇస్తే దానితో మొదలయ్యే పొడవైన ఎక్స్‌టెన్షన్లు గల ఫైళ్ళు కూడా వస్తాయి. ఫైళ్ళ పేర్లలోని తెలుగు అక్షరాలకు మాత్రం ఇక్కడ ఇబ్బంది లేదు.

పైథాన్ భాషలోని గ్లాబ్ మాడ్యూలు కూడా ఒక పిలుపుకు ఒక నమూనానే తీసుకొంటుంది. లినక్సులో పెద్ద, చిన్న ఆంగ్ల అక్షరాలు వేరువేరుగా పరిగణింపబడతాయి. అక్కడ చిన్న అక్షరాలతో జేపీజీ అని వెదికితే, కెమెరాలు పెద్ద అక్షరాలతో పేరుపెట్టిన బొమ్మలు జాబితాలోకి రావు. దోషం కూడా చూపబడదు కనుక జాబితా పూర్తిగా వచ్చిందనే వాడుకరి అనుకొంటాడు. ఎక్స్‌టెన్షన్‌ను చిన్న అక్షరాలలోకి మార్చి పోల్చడం ఇక్కడ కూడా సరైన పద్ధతి.

ఇవి కూడా చూడండి

- విజువల్ బేసిక్
- ఎంఎస్-డాస్
- ఫైలు ఎక్స్‌టెన్షన్
- వైల్డ్ కార్డ్
- యూనికోడ్